హాజరు పట్టీలో ఖాళీ గడి

పోయిన నెల మా వీధిలో కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరిన అమ్మాయి ఒకతె మా ఇంటికి వచ్చింది. చేతిలో రంగురంగుల పుస్తకం. పిల్లల భావోద్వేగాలను ఎలా గుర్తించాలి, వాటిని అదుపులో పెట్టుకోవడం ఎలా నేర్పాలి అని వాళ్లకు మూడు రోజుల శిక్షణ ఇచ్చారట. "మేడమ్, మీరు ఇదంతా ముందే చేశారంట కదా, మీ విజయాలు రెండు మూడు చెప్పండి" అంది. విజయాలు నా దగ్గర లేవమ్మా, ఒక పెద్ద తప్పు ఉంది, కావాలంటే అది చెబుతాను అన్నాను. ఆ పిల్ల టీ తాగి, పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఎవరో ఒకరు టీ తాగి వెళ్లిపోకుండా కూర్చుంటారని ఇక్కడ రాస్తున్నాను.

ఇరవై ఆరేళ్లు తెలుగు చెప్పాను. సర్వీసు ఇంకా ఉండగానే మానేశాను. ఎందుకు మానేశావని అడిగితే మోకాళ్లు చూపిస్తాను. అది సగం నిజం. నేను చివరగా పనిచేసింది కావలి దాటి సముద్రం వైపు పోయే దారిలో, ఒక జాలర్ల పాళెంలో ఉన్న హైస్కూలు. కిటికీ తీస్తే అలల హోరు, మూస్తే ఉక్క. ఊళ్లో మగవాళ్లంతా ఫైబర్ బోట్ల మీద వేటకు పోతారు. తెల్లారకముందే పోయి ఒక్కోసారి సాయంత్రానికి, ఒక్కోసారి మర్నాటికి వస్తారు.

నేను పుట్టింది వెంకటాచలం వైపు, వరి పొలాల ఇంట్లో. మా ఇంట్లో భయమంటే కాలువ నీళ్లు. నీళ్లు వదలకపోతే మా నాయన అరిచేవాడు. వదిలితే కింది మడికి పోతాయని అరిచేవాడు. వర్షం వస్తే ఒక అరుపు, రాకపోతే ఇంకో అరుపు. భయం పుట్టిన మరుక్షణం దాన్ని నోటితో బయటికి తోసేయడం మా వంశాచారం. నాకు అది దండిగా అబ్బింది. స్టాఫ్ రూములో నాతో వాదనకు దిగి నెగ్గినవాళ్లు లేరు. అలసిపోయి ఊరుకున్నవాళ్లు ఉన్నారు.

ఆ బడిలో మొదటి వారమే ఒక విషయం నా ఒళ్లు మండించింది. ఏడో తరగతికి హాజరు పిలుస్తున్నాను. పేర్లతో కాదు, నంబర్లతో.

"పదకొండు?"

"వస్తాడు మేడమ్" అన్నారు ముందు బెంచీ పిల్లలు.

సరే, దారిలో ఉన్నాడేమో అని ఆ గడి వదిలేశాను. పాఠం సగమైంది. పదకొండు రాలేదు.

"ఏడీ? వస్తాడన్నారు?"

"చిట్టమూరు పోయినాడు మేడమ్, వాళ్ల మామ పెళ్లికి."

"చిట్టమూరు పోయినవాడు ఇప్పుడెట్లా వస్తాడు?"

"సోమారం వస్తాడు మేడమ్."

"అయితే ఈరోజు రాడని చెప్పొచ్చు కదా? రాడు! రెండక్షరాలు! చెప్పడానికి నోరు నొస్తుందా?"

నలభై మంది పిల్లలు బల్లల వైపు చూస్తూ కూర్చున్నారు. పొగరనుకున్నాను. జ్వరంతో పడుకున్నవాడైనా వస్తాడనే అంటారు, అమ్మమ్మ ఊరు పోయినదైనా వస్తుందనే. ఈ మొండితనం మాన్పించాలని రెండేళ్లు ప్రయత్నించాను. వాళ్లు మానలేదు, నేనూ మానలేదు. ఎందుకంటారో ఒక్కరినైనా నెమ్మదిగా అడగాలని మాత్రం నాకు తోచలేదు. అదీ మన గొప్పతనం.

ఆ తర్వాత వచ్చింది శిక్షణ. నెల్లూరులో మూడు రోజులు. ప్రశాంతంగా ఎలా ఉండాలో మాకు నేర్పిన పెద్దమనిషి మైకు పనిచేయకపోతే ఎలక్ట్రీషియన్ మీద అరిచిన అరుపు నాకిప్పటికీ గుర్తు. అందరికీ తలా ఒక చార్టు ఇచ్చారు. దానిమీద ఐదు గుండ్రటి ముఖాలు: సంతోషం, బాధ, కోపం, భయం, సిగ్గు. ప్రతి పిల్లవాడికీ ఒక బట్టల క్లిప్పు, దానిమీద స్కెచ్ పెన్నుతో పేరు. పొద్దున్నే వచ్చి ఆ రోజు తమ మనసు ఎలా ఉందో ఆ ముఖం పక్కన క్లిప్పు పెట్టాలి. మనం చూసి, పిలిచి మాట్లాడాలి. మంచి పద్ధతే. ఇప్పటికీ మంచి పద్ధతేనంటాను.

మా తరగతిలో మొదటి రోజు నలభై క్లిప్పులూ సంతోషం పక్కనే వేలాడాయి. రెండో రోజూ అంతే. రెండు వారాల తర్వాతా అంతే. సంతోషం బరువుకు చార్టు ఒక పక్కకు ఒరిగిపోయింది.

హెడ్మాస్టరు గారి దగ్గరకు వెళ్లాను. ఆయన రిటైర్మెంటుకు దగ్గర పడ్డ మనిషి. ఏ పనైనా ఫోటో తీసి పై ఆఫీసుకు పంపితే పూర్తయినట్టే ఆయన లెక్క.

"ఏందమ్మా మీ కష్టం? పిలకాయలంతా సంతోషంగా ఉండారు. ఉంటే కూడా మీకు బాధేనా?"

"సార్, నలభై మందిలో ఒక్కరికీ భయం లేదంటే అది తరగతి కాదు, సైనిక దళం."

"మంచిదే గదా. ఫోటో తీసి పంపండి."

అక్కడ కుదరక వంటగది వైపు పోయాను. మధ్యాహ్న భోజనం వండే ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. పాళెం మనిషి. ఆమె మనవరాలు మా తరగతిలోనే, ఇరవై మూడో నంబరు. రెండో బెంచీలో కిటికీ పక్కన కూర్చునే సన్నటి పిల్ల. చక్కటి దస్తూరి. ఎత్తు తక్కువ కాబట్టి చార్టు అందక మునికాళ్ల మీద నిలబడి మరీ సంతోషం పక్కన క్లిప్పు పెట్టేది.

"అక్కా, మీ పిల్లలకు భయం లేదా?" అన్నాను.

ఆమె గరిటె ఆపలేదు. "పిలకాయల్ని గెలకబాకండి మేడమ్. నాయనలు సంద్రంలో ఉన్నంతసేపు మా ఇళ్లల్లో కొన్ని మాటలు అనరు."

"ఏ మాటలు?"

"అనరని చెప్తుంటే ఏ మాటలంటారే!"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మూఢనమ్మకాల మీద ఓ చిన్న ఉపన్యాసం ఇచ్చి, పప్పు రుచి చూసి వచ్చేశాను. వాదనలో నేనే గెలిచానని అనుకున్నాను.

తర్వాత నాకో ఉపాయం తట్టింది. ఇది శిక్షణలో చెప్పింది కాదు, నా సొంత తెలివి. ఒక ఖాళీ మిఠాయి డబ్బా తెచ్చి మూతకు చీలిక కోశాను. "నోటితో చెప్పొద్దు. క్లిప్పు పెట్టొద్దు. దేనికి భయమో కాగితం మీద రాసి ఇందులో వెయ్యండి. పేరు రాయొద్దు. చదివేది నేనొక్కదాన్నే" అన్నాను. ఆ ఆఖరి మాట మళ్లీ చదవండి. నేనొక్కదాన్నే అన్నాను.

మొదట్లో వచ్చినవన్నీ బల్లి, బొద్దింక, లెక్కల సారు. పది రోజుల పాటు బల్లులు చదివాను. ఒక మంగళవారం ఇంటర్వెల్లో మూత తీస్తే నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంది. "మా నాయన యాట కాడి నుంచి రాకపోతే ఎట్టా అని బయం. చెప్తే అమ్మ కొడతాది. కడుపులో ఏదో తిరగతా ఉంటాది" అని రాసి ఉంది. చక్కటి దస్తూరి.

నాకు కళ్లు చెమర్చాయి. చెమర్చడంతో ఆగి ఉంటే బాగుండేది. ఇన్నాళ్లకు ఒక బిడ్డ నిజం రాసింది, దీన్ని చూసి మిగతావాళ్లూ నోరు విప్పుతారన్న ఆత్రంలో తరగతిలోకి పోయి నిలబడి, ఆ కాగితాన్ని గట్టిగా చదివాను. పాఠం చదివినట్టు, స్పష్టంగా, ఆగాల్సిన చోట ఆగుతూ. "ఇదీ ధైర్యమంటే. ఇలా రాయాలి" అని మెచ్చుకున్నాను కూడా.

పేరు చెప్పలేదు. కానీ చదవడం అయ్యాక నా కళ్లు తిన్నగా రెండో బెంచీ కిటికీ పక్కకు పోయాయి. నలభై జతల కళ్లు నా కళ్ల వెంట పోయాయి.

తరగతిలో చప్పుడు లేదు. మీలో ఎవరికైనా అనుభవమయ్యే ఉంటుంది, పిల్లలు వింటున్నప్పటి నిశ్శబ్దం వేరు, భయపడినప్పటి నిశ్శబ్దం వేరు. ఇరవై ఏళ్ల పైబడిన అనుభవంతో నేను ఆ రెండింటి తేడా పట్టలేకపోయాను. ఆ పిల్ల పక్కన కూర్చున్న పిల్ల మాత్రం నాలుగు వేళ్ల మేర ఇటు జరిగింది. అది చూశాను. చూసి, నోట్సు రాయించాను.

ఆ తెల్లవారుజామునే ఆ పిల్ల నాయన వేటకు పోయి ఉన్నాడని నాకు తెలియదు. ఊళ్లో చాలా బోట్లు పోయాయి. మధ్యాహ్నం నుంచి గాలి తిరిగింది. బడి గేటుకు కట్టిన బ్యానరు చిరిగి ఎగిరిపోయింది. సాయంత్రానికి కొన్ని బోట్లు, బుధవారం పొద్దుటికి మిగతావి ఒడ్డుకు చేరాయి. ఒక్కటి తప్ప.

బుధవారం ఇరవై మూడు బడికి వచ్చింది. పలకరిస్తే పలకలేదు. హాజరుకు చెయ్యి ఎత్తింది కానీ నోరు తెరవలేదు. బెంచీ మీద ఆమెకు అటూ ఇటూ ఇద్దరు పట్టేంత ఖాళీ. నేను పాఠం చెబుతూ కిటికీలోంచి చూస్తున్నాను. పిల్లలూ కిటికీలోంచే చూస్తున్నారు. వంట చేసే అక్క ఆ రోజూ వచ్చింది. కొడుకు బోటు రాని ఇంట్లోంచి వచ్చి నూట యాభై మందికి సాంబారు కాచింది. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే ఉప్పు లేదు.

ఏమీ తోచనప్పుడు నాకు వచ్చేది పోట్లాట. "అక్కా, ఈరోజు ఇంట్లో ఉండాల్సింది. ఎవరైనా వద్దన్నారా? చూడండి, సాంబారులో ఉప్పే లేదు" అన్నాను.

"ఇంట్లో కూర్చుంటే ఏమని కూర్చునేది?" అంది ఆమె. ఉప్పు డబ్బా నా ముందు పెట్టి వెళ్లిపోయింది.

గురువారం నేను బడికి మామూలు కంటే ముందే వచ్చాను. బోటు రాలేదని గేటు దగ్గరే తెలిసింది. మెరైన్ పోలీసులకు చెప్పారు, ఇంకో రెండు బోట్లు వెతకడానికి పోయాయి. తరగతిలోకి పోయి చార్టు చూశాను. క్లిప్పులు నిన్న పెట్టినవి పెట్టినట్టే సంతోషం పక్కన ఉన్నాయి. లెక్కపెట్టాను. ముప్పై తొమ్మిది.

హాజరు పిలిచాను. ఇరవై ఒకటి, ఇరవై రెండు.

"ఇరవై మూడు?"

ఎవరూ పలకలేదు.

"ఇరవై మూడు?"

రెండేళ్లుగా నేను తిట్టి, కసిరి, మాన్పించలేకపోయిన మాట కోసం ఎదురుచూశాను. వస్తుంది మేడమ్ అని ఒక్కరైనా అంటారని. ముందు బెంచీ పిల్లలు బల్ల మీద గీతలు గీస్తున్నారు.

"ఎందుకు చెప్పరు? వస్తుందని చెప్పరేం?"

ఒక పిల్ల తలెత్తింది. "ఆ మాట అది అనేసింది గదా మేడమ్. వాళ్ల నాయన బోటు మీద ఉండంగానే. అట్ట అంటే ఇంక దానికి వస్తాదని మేము చెప్పగూడదు."

అప్పుడు అర్థమైంది. ఆ ఊళ్లో మనిషి కళ్ల ముందు లేకపోతే వస్తాడనే అంటారు. మూడు ఇళ్ల అవతలికి పోయినా, సముద్రం మీదికి పోయినా. రాడు అన్న మాట ఏ నోటి నుంచీ రాకూడదు. బడిలో నేను రోజూ హాజరు పట్టీ పట్టుకుని పిల్లల్ని ఏ మాట అనమని సతాయించానో అదే. ఎవరూ చెప్పలేదా అంటే చెప్పారు. గరిటె పట్టుకుని మరీ చెప్పారు.

వంటగదికి పరిగెత్తాను. మోకాళ్ల కథ అక్కడే మొదలైందని మా ఇంట్లో హాస్యం. "అక్కా, పాప ఇంట్లో ఉందా?"

"ఇంట్లో యాడ? నాతోనే వచ్చింది గదా. గేటు కాడ వదిలినా." ఆమె చేతిలోని బియ్యపు చేట కింద పెట్టింది. "తరగతిలో లేదా?"

లేదు. మరుగుదొడ్ల దగ్గర లేదు. నీళ్ల ట్యాంకు వెనక లేదు. హెడ్మాస్టరు గారికి చెబితే ఆయన ముఖం పాలిపోయింది. నేను ఏదో ఒకటి వినాల్సి వస్తుందని నిలబడ్డాను. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, "మీరిద్దరూ పోండి. మీ తరగతి నేను చూస్తా" అన్నాడు. ఆయనను గురించి నేను ఆడిన మాటలు చాలా ఉన్నాయి. అందులో కొన్ని ఆ రోజు వెనక్కి తీసుకున్నాను.

సముద్రం వైపే పోవాలనిపించింది. ఏం చూడాల్సి వస్తుందో ఊహించుకుంటూ ఇసుకలో చెప్పులు విడిచేసి నడిచాను. అక్క నా ముందు నడుస్తోంది, పిలవకుండా, ఏడవకుండా, ప్రతి చెట్టు వెనకా చూస్తూ. ఒడ్డుకు ఇవతల సరుగుడు తోట ఉంది. అందులో, సముద్రానికి వీపు పెట్టి, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది ఆ పిల్ల.

బతికి ఉంది. ఆ ఒక్క క్షణం నాకు ఊపిరి ఆడింది. తర్వాత ముఖం చూశాను.

రెండు పెదవులూ కలిపి క్లిప్పు పెట్టుకుని ఉంది. చార్టు మీది క్లిప్పు. దానిమీద నేను ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో రాసిన పేరు. పెదవులు తెల్లగా పాలిపోయి, అంచుల్లో వాచి ఉన్నాయి. ఎంతసేపటి నుంచి అలా ఉందో తెలియదు. తీయబోతే తల గట్టిగా అటు తిప్పేసుకుంది.

"రాత్రి దాని అమ్మ అన్నాది, నోరు ముయ్యవే ఇంక అని" అంది అక్క నెమ్మదిగా.

నేను ఇసుకలో కూలబడ్డాను. శిక్షణలో నేర్పినదంతా ప్రయోగించాను. గుండెల నిండా గాలి పీల్చి నోటితో వదలమ్మా అన్నాను. క్లిప్పు పెట్టుకున్న పిల్లతో నోటితో వదలమన్నాను. మాటలకు బోట్లు మునగవు తల్లీ, ఇంజను ఆగి ఉంటుంది, గాలి తోసేసి ఉంటుంది, నువ్వు భయపడ్డ సంగతి సముద్రానికి తెలియదు అన్నాను. ఒకటి తర్వాత ఒకటి కారణాలు చెప్పాను. నా వాదనలో ఎక్కడా తప్పు లేదు. పిల్ల పెదవుల మీద క్లిప్పు అట్లాగే ఉంది. ఆమె కళ్లు మాత్రం నన్ను చూసి జాలి పడ్డట్టు అనిపించింది.

"అక్కా, మీరైనా చెప్పండి! దీని తప్పేం లేదని చెప్పండి!"

అక్క నా వైపు తిరిగింది. మూడు రోజులుగా దాచుకున్న కోపం ఆమె గొంతులో ఉంది.

"దాని తప్పని ఎవరన్నారు మేడమ్? బిడ్డ కాగితం మీద రాసింది. మడత పెట్టింది. డబ్బాలో ఏసి మూతేసింది. అప్పుడు దాకా అది మాట కాదు. నోరు తెరిచి అన్నది ఎవరు?"

నాకు జవాబు వెంటనే దొరికింది.

"నేను."

"నాకు చెప్పి ఏం లాభం? దాని అమ్మ ఉండాది ఆడ. అందరూ ఉండారు. పోయి చెప్పండి."

ఈ వృత్తాంతం చదువుతున్నవాళ్లలో నాలాంటివాళ్లు ఉంటారు. మాట వల్ల బోటు మునుగుతుందని ఒప్పుకున్నట్టు కాదా అంటారు. నేనూ ఆ రెండు వందల గజాలు నడుస్తూ నాలో నేను అదే వాదించుకున్నాను. నేను నమ్మను. ఇప్పటికీ నమ్మను. కానీ ఆ నమ్మకం ప్రకారం ఒక తప్పు జరిగింది, ఆ తప్పు పన్నెండేళ్ల పిల్ల తల మీద ఉంది. నమ్మకాన్ని పడగొట్టే సమయం నాకు లేదు. తప్పును మాత్రం ఒక తల మీంచి ఇంకో తల మీదికి మార్చవచ్చు. నా తల కాస్త గట్టిది.

ఒడ్డున ఏడెనిమిది మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ఎవరూ సముద్రాన్ని సూటిగా చూడటం లేదు. పిల్ల అమ్మ వల కుడుతోంది. చిరగని చోట కుడుతోంది. పిల్ల మా వెనక, క్లిప్పు తీయకుండా, అవ్వ కొంగు పట్టుకుని నిలబడింది.

"అమ్మా" అన్నాను. "ఆ మాట మీ పాప అనలేదు. కాగితం మీద రాసి నాకిచ్చింది. నేనొక్కదాన్నే చదువుతానని మాటిచ్చి, అందరి ముందూ గట్టిగా చదివాను. నోటితో అన్నది నేను. తప్పుంటే నాది."

ఆమె వల పక్కన పెట్టి లేచింది. "నువ్వా?"

"నేనే."

తర్వాత ఆమె నన్ను తిట్టిన తిట్లు రాయను. కొన్ని అచ్చు కావు. చదువుకున్నదానికి మాట ఎప్పుడు అనాలో ఎప్పుడు మింగాలో తెలియదా అంది. నీ ఇంట్లో మొగోళ్లు గట్టి నేల మీద నడుస్తారు, నీకేం తెలుసు అంది. నీకు పిలకాయలు లేరా అంది. ప్రతి దానికీ నా దగ్గర జవాబు ఉంది. నోటి దాకా వచ్చింది కూడా. నేను అన్నీ మింగి నిలబడ్డాను. పక్కనున్న ఆడవాళ్లు కూడా ఆపలేదు. ఎంతసేపు తిట్టిందో, తిడుతూ తిడుతూ ఒకచోట గొంతు పగిలి, ఏడుపయింది. అప్పుడు కూతుర్ని చూసింది.

"ఓసి నా తల్లీ! నోరు ముయ్యమంటే ఇట్టనా మూసేది!"

తీయబోయింది. క్లిప్పు నొక్కడానికి రాలేదు. రెండుసార్లు జారింది. చివరికి పిల్లే తీసింది. పెదవుల మీద రెండు లోతైన గాట్లు. అమ్మ ఆ పెదవులను బొటనవేలితో రుద్దుతూనే ఉంది.

పిల్ల రెండు రోజుల తర్వాత మాట్లాడిన మొదటి మాట అమ్మతో కాదు. "అవ్వా, నీకు బయం లేదా? నువ్వు కూడు వండతానే ఉండావే."

అక్క వంగి పిల్ల ముఖంలోకి చూసింది.

"నిన్న సాంబార్లో ఉప్పు ఏసినానా?"

"లేదు. మేడమ్ అరిచినారు."

"మొన్న రాత్రి ఇంట్లో పులుసులో?"

పిల్ల ఆలోచించింది. "రెండుసార్లు ఏసినావు. ఒకటే ఉప్పు."

"మరి? నా చేతులు నా మాట ఇనలేదమ్మే. అదే."

పక్కన కూర్చున్న ఇంకొకామె, బోటు మీద ఉన్న రెండో మనిషి భార్య, "నేను పొద్దుట్నుంచి పాపకు జడ మూడుసార్లు ఏసినా. అది ఏడ్చేసింది, ఇంక చాలమ్మా అని" అంది. అమ్మ తన ఒళ్లోని వల చూసుకుంది. చిరగని చోట వేసిన కుట్లు కూతురికి చూపించింది. ఎవరూ రాడన్న మాట అనలేదు. పెద్దవాళ్లెవరూ భయమన్న మాట కూడా అనలేదు. పిల్ల అమ్మ ఒళ్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నన్ను ఎవరూ పొమ్మనలేదు, కూర్చోమనీ అనలేదు. కొంచెం ఎడంగా కూర్చున్నాను.

నాలుగింటి దాకా కూర్చున్నాను. ఎండ తిరిగింది. ప్రతి ఫోను మోతకూ అందరి మెడలూ లేచేవి, మళ్లీ వాలేవి. ఒకసారి ఏదో కంపెనీ ప్రకటన ఫోను వస్తే అక్క దానికి పెట్టిన శాపనార్థాలకు అంత బాధలోనూ ఒకరిద్దరు నవ్వారు. చివరికి ఒకామె ఫోను మోగింది. అవతలి మాట వినిపించలేదు. ఆమె ముఖం చూస్తున్నాం. "జువ్వలదిన్నెలో ఉండారంట" అంది. ఇంజను ఆగిపోయి గాలికి కొట్టుకుపోతుంటే వేరే ఊరి బోటువాళ్లు తాడు కట్టి హార్బరుకు లాక్కొచ్చారట. ముగ్గురూ క్షేమం.

కేకలు వేస్తారనుకున్నాను. ఎవరూ వేయలేదు. అక్క లేచి చీరకంటిన ఇసుక దులుపుకుంది. "పొయ్యి ఎలిగించాల" అంది. పిల్ల అమ్మ నన్ను చూసి, "ఇంక ఇంటికి పోండి టీచరమ్మా" అంది. నువ్వు పోయి మీరు వచ్చింది. క్షమించిందని నేను అనుకోలేదు.

ఇక్కడితో ఆపితే ఇది విజయగాథ అవుతుంది. ఆ పుస్తకం పట్టుకొచ్చిన అమ్మాయి కూడా సంతోషిస్తుంది. కానీ ఆ బోటు నా వల్ల రాలేదు. ఎవరో తాడు వేసినందుకు వచ్చింది. వేయకపోయి ఉంటే? నేను ఒడ్డున నిలబడి ఒప్పుకున్న మాట ఆ పిల్లకు ఎన్నాళ్లు సరిపోయేది? ఎంత వాదించుకున్నా ఈ ప్రశ్న దగ్గర నేను నెగ్గలేదు. మిఠాయి డబ్బా పారేశాను. చార్టు పారేయడానికి హెడ్మాస్టరు గారు ఒప్పుకోలేదు, తనిఖీకి కావాలి కాబట్టి. తర్వాత పిల్లల్ని నీకు భయమా, బాధా అని అడగడం మానేశాను. చేతులు ఎట్లా ఉన్నాయి, కడుపులో ఎట్లా ఉంది, పొద్దున ఏం తిన్నావు అని అడిగేదాన్ని. వాటికి జవాబులు వచ్చేవి. విన్నది నాలోనే ఉంచుకోవడం మాత్రం నాకు చాలా కష్టపడితే గానీ రాలేదు.

మర్నాడు శుక్రవారం. హాజరు తీశాను. ఇరవై ఒకటి, ఇరవై రెండు. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఇరవై మూడు?"

బెంచీ ఖాళీ. పిల్లలు ఒకరినొకరు చూసుకున్నారు. నేను తల దించుకున్నాను. పెన్ను గడి మీద పెట్టి ఉంచాను.

"వస్తాది మేడమ్" అంది ఆ రోజు బెంచీ మీద ఇటు జరిగిన పిల్ల.

"ఆ, వస్తాది. వాళ్ల నాయన్ను చూసేదానికి జువ్వలదిన్నె పోయింది మేడమ్" అన్నారు మిగతావాళ్లు.

పెన్ను ఎత్తి ఇరవై నాలుగుకు పోయాను.

మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు పట్టీ పట్టుకుని వచ్చారు. "ఏందమ్మా, ఈ గడి ఖాళీగా పెట్టినారు? ఫోన్లో ఎక్కించాల. వచ్చిందనో రాలేదనో ఏదో ఒకటి పెట్టాల. ఖాళీని అది ఒప్పుకోదు."

ఎప్పటిలా అయితే అరగంట వాదించేదాన్ని.

"వస్తుంది సార్" అన్నాను.